విజయనగరం నుంచి డల్లాస్: 16 గంటలా, 19 గంటలా, 29 గంటలా?

కోట_జంక్షన్ అడిగిన ప్రశ్న

అమ్మానాన్నలను డల్లాస్‌లో ఉన్న చెల్లి దగ్గరికి పంపాలి. ఇద్దరూ అరవై దాటినవాళ్ళు. నాన్నకి షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. విమానం ఎక్కడం ఇదే మొదలు. టికెట్ ఇంకా కొనలేదు. ఎందుకంటే మూడు చోట్ల మూడు లెక్కలు కనిపిస్తున్నాయి.

దూరాలు చెప్పే సైటులో విజయనగరం, డల్లాస్ అని కొడితే 14,356 కి.మీ., 16 గంటల 43 నిమిషాలు అని వచ్చింది. ఏజెంటు చూపించిన టికెట్‌లో 29 గంటల 30 నిమిషాలు ఉంది. నాన్న అదే టికెట్ చూసి "రాత్రి 9కి ఎక్కి మర్నాడు సాయంత్రం 4కి దిగిపోతాం, 19 గంటలే కదరా" అంటున్నారు.

టికెట్ ఇదీ: వైజాగ్‌లో రాత్రి 9:00కి బయల్దేరి హైదరాబాద్ 10:15. హైదరాబాద్‌లో తెల్లారగట్ల 4:00కి బయల్దేరి దుబాయ్ 6:15. దుబాయ్‌లో ఉదయం 9:00కి బయల్దేరి డల్లాస్ సాయంత్రం 4:00. ప్రయాణం సెప్టెంబరులో.

ఇందులో ఏది నిజం? ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి చెల్లి ఇంటికి చేరేదాకా ఎంతనుకోవాలి? ఇంకోటి, అమెరికా వెళ్ళడానికి దుబాయ్ దాకా వెళ్ళడం చుట్టు తిరగడం కాదా?

---

లెక్కల_బల్ల

మాస్టారూ, మూడూ నిజమే. మూడూ వేరు వేరు వాటిని కొలుస్తున్నాయి, అంతే తేడా.

ముందు దూరం సంగతి. మీ ఊరికి ఒక తమాషా ఉంది. విజయనగరం రేఖాంశం 83.4 డిగ్రీలు తూర్పు, డల్లాస్ రేఖాంశం 96.8 డిగ్రీలు పడమర. రెండూ కలిపితే 180.2. అంటే డల్లాస్ భూగోళానికి సరిగ్గా అవతలి వైపు రేఖాంశం మీద ఉంది. అలా ఉన్నప్పుడు అతి దగ్గర దారి తూర్పుగానూ ఉండదు, పడమరగానూ ఉండదు. నేరుగా ఉత్తరానికి పోయి, ధ్రువం దాటి, అవతలి వైపు దక్షిణానికి దిగడమే. కాబట్టి ఈ లెక్కకి సైటు కూడా అక్కర్లేదు. విజయనగరం అక్షాంశం 18.1, అక్కణ్ణుంచి ధ్రువానికి 71.9 డిగ్రీలు. డల్లాస్ 32.8, ధ్రువం నుంచి 57.2 డిగ్రీలు. మొత్తం 129.1. భూమి మీద ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కి.మీ. గుణిస్తే 14,356. సైటు చెప్పింది ఇదే.

గోడ మ్యాపులో ఇది కనపడదు. బంతికి గీసిన బొమ్మని పరిచి సాగదీస్తే ధ్రువం ఒక చుక్కలా కాక పైన అడ్డగీతలా తయారవుతుంది. పిల్లల గ్లోబు మీద విజయనగరం దగ్గర దారం పట్టుకుని డల్లాస్ దాకా బిగించి చూడండి. దారం దానంతటదే పైకి జరుగుతుంది.

16:43 ఎక్కడిదంటే, ఇలాంటి సైట్లు చాలావరకు దూరాన్ని గంటకి 885 కి.మీ. (550 మైళ్ళు) చొప్పున భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపేస్తాయి. 14,356ని 885తో భాగిస్తే 16.2 గంటలు, అరగంట కలిపితే 16:43. అలాంటి విమానం విజయనగరం నుంచి లేదు, హైదరాబాద్ నుంచి డల్లాస్‌కీ లేదు. ఉంటే ఎంత పట్టేదో చెప్పే సంఖ్య అది.

మీ నాన్నగారి 19 గంటలు గోడగడియారం లెక్క. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైములోనే వేస్తారు. ఈ చివర మన గడియారం, ఆ చివర వాళ్ళది. సెప్టెంబరులో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. 19కి 10:30 కలిపితే 29:30. ఏజెంటు అంకె అదే. వైజాగ్‌లో విమానం కదిలినప్పటినుంచి డల్లాస్‌లో ఆగేదాకా నిజంగా గడిచే కాలం అది.

గడియారం మనకంటే వెనకున్న ఊరికి పోయేటప్పుడు తేడా కలపాలి, అక్కణ్ణుంచి వచ్చేటప్పుడు తీసెయ్యాలి. ఇది గుర్తుంటే ఏ టికెట్ అయినా చదివెయ్యొచ్చు. అయితే మధ్యలో దుబాయ్ టైము కలిపి మళ్ళీ లెక్క కట్టకండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, నిజమే. కానీ మొత్తం కాలానికి మొదటి ఊరూ చివరి ఊరూ చాలు. మధ్య ఊళ్ళ తేడా కూడా కలపబోయి 31 గంటలు, 28 గంటలు అని తేల్చేవాళ్ళు చాలామంది.

సైటులో అంకె పక్కన ప్రమాణం కూడా చూసుకోండి. ఇదే దూరం మైళ్ళలో 8,920, నాటికల్ మైళ్ళలో 7,750. విమానాల వాళ్ళు వాడేది ఈ నాటికల్ మైలే, ఒక్కోటి 1.852 కి.మీ.

---

గాలివాటం

పై లెక్క సరిపోయింది. మరి విమానం ఆ దారిలో ఎందుకు పోదో, దుబాయ్ చుట్టా కాదా అన్నది చూద్దాం.

విజయనగరం నుంచి 83.4 రేఖాంశం పట్టుకుని నేరుగా ఉత్తరానికి పోతే గోరఖ్‌పూర్, నేపాల్లో ధవళగిరి, టిబెట్, తర్వాత సైబీరియాలో నోవోసిబిర్స్క్ పక్కనుంచి, ఉత్తర ధ్రువానికి పాతిక కి.మీ. లోపునుంచి దాటి, కెనడాలో విన్నిపెగ్ దగ్గర దిగి, అమెరికాలో ఫార్గో, లింకన్ మీదుగా డల్లాస్. కాయితం మీద అందమైన దారే. గాల్లో మూడు అడ్డంకులు.

మొదటిది టిబెట్. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానం గబగబా 10,000 అడుగులకి, అంటే సుమారు 3 కి.మీ. ఎత్తుకి దిగాలి. ప్రయాణికుల ముసుగుల్లో వచ్చే ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట, ఇరవై నిమిషాలకి మించి రాదు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు. దిగడానికి కింద చోటే లేదు. అందుకే మన దేశం నుంచి ఉత్తరానికి పోయే విమానాలు హిమాలయాన్ని నిటారుగా దాటవు. పడమర నుంచో తూర్పు నుంచో తప్పుకుని పోతాయి.

రెండోది గగనతలాలు. 2022 నుంచి అమెరికా, యూరప్ విమానాలకి రష్యా మీద దారి లేదు. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ మన దేశ విమానాలకి గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే మన విమానాలకి ఆ దెబ్బతో ప్రయాణం పొడుగైంది. కొన్ని మధ్యలో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. గల్ఫ్ కంపెనీలకి ఈ రెండు చిక్కులూ అంతగా లేవు, కానీ వాళ్ళది వేరే చిక్కు. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలపాటు మూసేస్తే దోహా మీదుగా పోయేవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు. టికెట్ కొన్నాక, బయల్దేరే ముందు వారం వార్తలు చూస్తూ ఉండాలి.

మూడోది రెండింజన్ల విమానాల నిబంధన. ఒక ఇంజను ఆగినా మిగిలిన దానితో నిర్ణీత సమయంలో చేరగలిగే విమానాశ్రయం దారి పొడుగునా ఉండాలి. ధ్రువం దగ్గర అలాంటివి తక్కువ. అక్కడి చలికి ఇంధనం కూడా ఒక సమస్యే: మామూలుగా వాడే జెట్ ఎ-1 ఇంధనం సున్నాకి దిగువ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అయినా ధ్రువం మీద ఎగరకపోలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి నేరు విమానాన్ని ధ్రువం మీదుగానే తెచ్చింది. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా నేరు విమానం పెట్టింది. కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది.

ఇక దుబాయ్. వైజాగ్ నుంచి హైదరాబాద్ గాలి దూరం సుమారు 510 కి.మీ., హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డల్లాస్ 12,920. మొత్తం 15,980. తిన్నని దారి కంటే 1,620 కి.మీ. ఎక్కువ, నూటికి 11 వంతులు. విమానానికి ఇది రెండు గంటల లోపు పని. మ్యాపులో ఎంత వెనక్కి పోతున్నట్టు కనిపించినా చుట్టు ఇంతే. దుబాయ్‌లో లేచాక కూడా విమానం పడమరకి పోదు. వాయవ్యానికి, ఉత్తరానికి మొగ్గి, ఆర్కిటిక్ వలయం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ వైపునుంచి కెనడా మీదకి దిగుతుంది. ఆ రోజు గాలుల్ని బట్టి, గగనతలాల్ని బట్టి దారి మారుతుంది. దోహా మీదుగా అయితే మరో 190 కి.మీ. ఎక్కువ, అంటే పావుగంట కూడా లేదు. దుబాయా దోహానా అని దూరం చూసి తేల్చుకోనక్కర్లేదు.

గాల్లో గంటలు: వైజాగ్–హైదరాబాద్ 1:15, హైదరాబాద్–దుబాయ్ 3:45, దుబాయ్–డల్లాస్ 16:00. మొత్తం 21. టికెట్‌లో వేసే సమయం గేటు నుంచి విమానం వెనక్కి జరిగిన క్షణం నుంచి అవతలి గేటుకి ఆనేదాకా. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, దిగే ముందు తిరగడం, అన్నీ అందులోనే. అందుకే 510 కి.మీ.కి గంటంబావు. నిజంగా వేగంగా పోయేది అందులో అరగంటే.

తిరుగు ప్రయాణంలో డల్లాస్–దుబాయ్ పద్నాలుగున్నర గంటల దగ్గర ఉంటుంది. దూరం అదే, గాలి వేరు. 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ గంటకి 150, ఒక్కోసారి 250 కి.మీ. కూడా ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు.

---

టికెట్_కిటికీ

పై ఇద్దరూ గాలి లెక్క తేల్చేశారు. ఇప్పుడు నేల లెక్క. మీవాళ్ళ ఒళ్ళు హూనమయ్యేది ఇక్కడే.

విజయనగరం నుంచి వైజాగ్ ఊళ్ళోని ఎయిర్‌పోర్టు సుమారు 60 కి.మీ. రెండు గంటలు పెట్టుకోండి. విమానానికి రెండు గంటల ముందు అక్కడుండాలి, పెద్ద పెట్టెలున్నాయి కాబట్టి. అంటే ఇంట్లో సాయంత్రం 5కి బయల్దేరాలి. నాలుగు గంటలు అక్కడే పోయాయి. హైదరాబాద్‌లో 5:45, దుబాయ్‌లో 2:45 నిరీక్షణ. డల్లాస్‌లో దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్, చెల్లెలి ఇంటికి కారు, కలిపి రెండున్నర. నేల మీద మొత్తం 15 గంటలు. గాల్లో 21. ఇంటి నుంచి ఇంటికి 36. మీ మూడంకెలు ఎలా ఉన్నా, అమ్మానాన్నలకి చెప్పాల్సింది ఈ నాలుగోది: "ఒకటిన్నర రోజు".

ఇందులో తగ్గించగలిగేది నేల లెక్కే. అయితే ఎక్కువ తగ్గించబోతే బెడిసేదీ అదే. హైదరాబాద్‌లో ఐదు ముప్పావు గంటలు దండగ అనిపించి, వైజాగ్‌లో చివరి విమానం పట్టుకుని రెండు గంటలకి కుదిద్దామనుకుంటారు. వద్దు. అక్కడ విమానం మారడమంటే దేశీయ వైపు నుంచి బయటికొచ్చి, అంతర్జాతీయ వైపు ఇమిగ్రేషన్, సెక్యూరిటీ మళ్ళీ దాటడం. శంషాబాద్‌లో టెర్మినల్ ఒక్కటే కాబట్టి బస్సెక్కే పని లేదు, అదొక్కటే నయం. అంతర్జాతీయ చెక్-ఇన్ కౌంటరు విమానానికి 60 నుంచి 90 నిమిషాల ముందే మూసేస్తారు. వైజాగ్ విమానం గంట ఆలస్యమైతే చాలు, కథ ముగిసినట్టే.

ఇక అసలు మాట. ఏజెంటుని ఒకటే అడగండి: వైజాగ్ నుంచి డల్లాస్ దాకా ఒకే పీఎన్ఆరా (అంటే ఒకే బుకింగ్ నంబరా), లేక వైజాగ్–హైదరాబాద్ విడిగా కొన్నాడా? చూడ్డానికి రెండూ ఒకే కాయితం మీద ఒకేలా కనిపిస్తాయి. ఒకే పీఎన్ఆర్ అయితే వైజాగ్ విమానం ఆలస్యమై హైదరాబాద్‌లో తప్పిపోయినా తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత విమాన కంపెనీది. పెట్టెలు మామూలుగా వైజాగ్‌లో ఇస్తే డల్లాస్‌లోనే తీసుకుంటారు. పెట్టెకి కట్టే చీటీ మీద చివరి ఊరి గుర్తు డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్) అని ఉందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోవాలి. హెచ్‌వైడీ అని ఉంటే హైదరాబాద్‌లో తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. విడి టికెట్లయితే తప్పిపోయిన విమానం డబ్బు పోయినట్టే, కొత్త టికెట్ ఆ రోజు ధరకి కొనుక్కోవాలి.

విడిగా కొంటే ఇంకో దెబ్బ బరువు. అమెరికా రూటులో చాలా టికెట్లకి మనిషికి 23 కేజీల పెట్టెలు రెండు, అంటే 46. మన దేశీయ ఎకానమీ టికెట్లలో మామూలుగా 15 కేజీలే. మనిషికి 31, ఇద్దరికి 62 కేజీల అదనపు బరువుకి వైజాగ్ కౌంటరులో కేజీకింత చొప్పున కట్టాలి. అప్పుడే జంతికల డబ్బాలు బయటికి తీసి పంచుతూ కనిపిస్తారు జనం. ఒకే పీఎన్ఆర్ అయితే మామూలుగా మొదటి అడుగు నుంచీ 46 కేజీల లెక్కే వర్తిస్తుంది, టికెట్ మీద వైజాగ్ లెగ్ (వైజాగ్–హైదరాబాద్ విమానం) ఎదురుగా అది రాసి ఉండాలి.

తేదీ సంగతి. హైదరాబాద్ విమానం 15వ తేదీ తెల్లారగట్ల 4 గంటలకంటే ఇంట్లో బయల్దేరాల్సింది 14 సాయంత్రం. ఇది తెలియనివాళ్ళుండరు, అయినా ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. రాత్రి 12:30 విమానాలైతే మరీ. క్యాలెండరులో విమానం తేదీ కాదు, ఇల్లు దాటే తేదీ రాసుకోండి.

వీల్‌చైర్ టికెట్‌తో పాటే అడగండి, కనీసం 48 గంటల ముందు. నడవగలిగినా సరే. మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకి అది నడక కోసం కాదు, దారి తెలిసిన మనిషి తోడు కోసం. మూడు చోట్లా విడివిడిగా నమోదైందో లేదో చూడండి. హైదరాబాద్‌లో ఉండి దుబాయ్‌లో లేకపోవడం జరుగుతుంటుంది.

---

నాగావళి_గట్టు

హైదరాబాదే ఎందుకు? వైజాగ్ నుంచి సింగపూర్‌కి స్కూట్ కంపెనీ నేరు విమానం ఉంది కదా. అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, ఆపైన డల్లాస్. పసిఫిక్ మీద గాలి తోడుంటుంది. హైదరాబాద్ జంజాటం ఉండదు.

---

టికెట్_కిటికీ

మంచి మాటే, సియాటిల్‌కో శాన్‌ఫ్రాన్సిస్కోకో వెళ్ళేవాళ్ళకి. డల్లాస్‌కి లెక్క వేద్దాం. వైజాగ్–సింగపూర్ 2,910 కి.మీ., సింగపూర్–శాన్‌ఫ్రాన్సిస్కో 13,590, అక్కణ్ణుంచి డల్లాస్ 2,355. మొత్తం 18,850 పైన. దుబాయ్ దారి కంటే 2,900 కి.మీ. దాకా ఎక్కువ. గాలి సాయంతో అందులో కొంత పూడుతుంది, గాల్లో గంటలు 23 దగ్గర తేలతాయి, అటు 21. తేడా రెండు గంటలే.

కానీ విమానం మారడం ఎక్కడెక్కడో చూడండి. అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్. పెట్టెలు డల్లాస్ దాకా చీటీ కట్టినా శాన్‌ఫ్రాన్సిస్కోలో బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ బెల్టు మీద పడెయ్యాలి. అది తెలియక పెట్టెలు వదిలేసి పోయేవాళ్ళున్నారు. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్ళకి అమెరికాలో విమానం మార్పు పెట్టకపోవడమే మంచిది. దుబాయ్–డల్లాస్ ఒకే విమానం, దిగిన చోటే చెల్లెలు ఉంటుంది. తప్పక అమెరికాలో మారాల్సి వస్తే మూడు గంటలకి తక్కువ పెట్టుకోకండి.

అబూధాబీ మీదుగా వెళ్ళే అమెరికా విమానాలకి ఒక వెసులుబాటు ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అబూధాబీలోనే అయిపోతుంది. అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లా బయటికి నడిచిపోవచ్చు. అయితే ఆ వరస కోసం అబూధాబీలో మూడు గంటలైనా ఉండాలి.

---

కోట_జంక్షన్

అందరికీ దండాలు. ఏజెంటుని అడిగాను, వైజాగ్ లెగ్ విడి పీఎన్ఆరే! ఒకే పీఎన్ఆర్‌లో వేయమన్నాను.

ఇంకో మూడు సందేహాలు. అమ్మ పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడకుండా కదలనంటోంది, అంటే ప్రయాణం నవంబరుకి జరుగుతుంది. లెక్క మారుతుందా? నాన్న ఇన్సులిన్ ఏ టైముకి వేసుకోవాలి? తిరిగొచ్చేటప్పుడు ఏ రోజుకి ఎదురెళ్ళాలి?

---

లెక్కల_బల్ల

అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం ముందుకి. నవంబరు మార్పు తర్వాత వెళ్తే తేడా పదకొండున్నర గంటలు. అదే విమానం అదే సమయానికి దుబాయ్‌లో లేస్తే డల్లాస్‌లో 4కి బదులు 3కి దిగుతారు. ఎగిరిన గంటలు మారవు. మన దగ్గరా దుబాయ్‌లోనూ గడియారాలు తిప్పే అలవాటు లేదు. చలికాలంలో ఎదురుగాలి జోరు ఎక్కువ కాబట్టి కంపెనీ సమయం కొంచెం పెంచి వేసి ఉండొచ్చు. కొత్త టికెట్ చదివి మళ్ళీ కూడండి.

తిరుగు ప్రయాణం. ఉదాహరణకి వేసవి గడియారంలో శనివారం రాత్రి 7కి డల్లాస్‌లో లేస్తే, పద్నాలుగున్నర గంటలకి దుబాయ్‌లో ఆదివారం సాయంత్రం 6:30. అక్కడ రాత్రి 10కి లేచి హైదరాబాద్‌లో దిగేసరికి సోమవారం తెల్లారగట్ల 2:50. శనివారం ఎక్కినవాళ్ళు సోమవారం దిగుతారు. వెళ్ళేటప్పుడు మింగేసిన పదిన్నర గంటలూ ఇక్కడ కక్కాలి. ఆదివారం తెల్లారేసరికి కారు తీసుకుని వైజాగ్ పోయి కూర్చోకండి.

మీ ఊరికీ డల్లాస్‌కీ సూర్యుడి లెక్కలో సరిగ్గా 12 గంటల తేడా. ఇక్కడ పొద్దు పొడిచే వేళకి అక్కడ పొద్దుగూకుతుంది. ఇంతకంటే పెద్ద తేడా భూమ్మీద ఉండదు. శరీరం రోజుకి ఇంచుమించు ఒక గంట చొప్పున సర్దుకుంటుందంటారు, కాబట్టి మొదటి వారం పదిరోజులు అర్ధరాత్రి మెలకువ వస్తే జబ్బేమోనని కంగారు పడక్కర్లేదని ముందే చెప్పి పంపండి.

---

గాలివాటం

ఇన్సులిన్ ఎంత, ఎప్పుడన్నది డాక్టరు రాసివ్వాల్సిందే. మీరు చెయ్యాల్సింది ఆయనకి సరైన పట్టిక ఇవ్వడం. టికెట్ చూపిస్తే ఊరికో టైము కనపడి ఎవరికైనా తికమకే. అన్నీ మన టైములో రాయండి. సెప్టెంబరు టికెట్ ప్రకారం: హైదరాబాద్‌లో లేచేది 4:00, దుబాయ్‌లో దిగేది ఉదయం 7:45, మళ్ళీ లేచేది 10:30, డల్లాస్‌లో దిగేది అర్ధరాత్రి దాటాక 2:30. కొత్త టికెట్ తేదీకి ఇలాగే మార్చి, భోజనాలు ఎప్పుడొస్తాయో అంచనాగా పక్కన రాయండి. నాన్నగారి చేతి వాచీ ప్రయాణం అయ్యేదాకా మన టైములోనే ఉంచడం మేలు. ఫోను దిగిన ప్రతి ఊళ్ళో టైము మార్చేస్తుంది, మందుల అలారం దాని మీద పెడితే గల్లంతే.

ఇన్సులిన్, సూదులు, గ్లూకోమీటరు చేతిసంచిలోనే. పెట్టెల అరలో చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. మందుచీటీ ఇంగ్లీషులో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో ఉండాలి. రెండు పూటలకి సరిపడా బిస్కెట్లు, రెండు పంచదార పొట్లాలు దగ్గర ఉంచండి, ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం బండి ఆలస్యమైతే అవే దిక్కు. పదహారు గంటల లెగ్‌లో రెండు గంటలకోసారి లేచి నడవాలి, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా. నడవా పక్క సీటు అడగండి.

నవంబరంటే మనకి తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్ ఎయిర్‌పోర్టు రోజుల తరబడి మూతపడింది. సెప్టెంబరైనా తప్పించుకోలేం: 2021లో గులాబ్ సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. బంగాళాఖాతంలో వాయుగుండం అని వినపడగానే, ఇంకా నాలుగు రోజులుండగానే, కంపెనీకి ఫోను చేసి వైజాగ్ లెగ్ ముందు రోజుకి మార్చగలరేమో అడగండి.

---

జీడితోట

మాది పలాస దగ్గిర. మాకు వైజాగ్ పోడానికే సగం రోజు. రైల్లో హైదరాబాద్ పోతే ఏటి నష్టం?

---

టికెట్_కిటికీ

నష్టమేం లేదు, ఒక రోజు ముందు చేరేట్టయితే. ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు మీకు అందుబాటులోనే ఉన్నాయి. తెల్లారగట్ల 4 గంటల విమానానికి ముందు రోజు ఉదయం సికింద్రాబాద్‌లో దిగే రైలు చూసుకోండి. అదే రోజు సాయంత్రం దిగే రైలు వద్దు, నాలుగు గంటలు ఆలస్యమైతే అక్కడితో సరి. రైలుకీ విమానానికీ కలిపి బాధ్యత తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. పగలంతా ఎక్కడైనా పడుకుని రాత్రి 11కి శంషాబాద్ బయల్దేరండి. సికింద్రాబాద్ నుంచి సుమారు 40 కి.మీ., పుష్పక్ బస్సులున్నాయి.

బరువులో రైలే నయం. థర్డ్ ఏసీలో 40 కేజీలు, సెకండ్ ఏసీలో 50 కేజీలు ఉచితం. 46 కేజీల పెట్టెలకి సెకండ్ ఏసీ అయితే గొడవే లేదు.

పలాస జీడిపప్పు ఎంచక్కా పట్టుకెళ్ళొచ్చు. ఉద్దానం కొబ్బరి మాత్రం వద్దు. ఎండు కొబ్బరికి నూనె వల్ల నిప్పంటుకునే గుణం ఉందని విమానాల్లో నిషేధం. కరివేపాకు అమెరికా కస్టమ్స్‌లో తీసేస్తారు. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఎమిరేట్స్‌లో అయితే 2025 అక్టోబరు నుంచి విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు, ఫోను పూర్తిగా నింపుకుని ఎక్కండి.

ఇచ్ఛాపురం వైపు వాళ్ళకి వైజాగ్ కంటే భువనేశ్వరే దగ్గర. 2023 మేలో అక్కణ్ణుంచి దుబాయ్‌కి ఇండిగో నేరు విమానం మొదలైంది. మీ తేదీకి ఉందో లేదో చూసి, దుబాయ్–డల్లాస్‌తో ఒకే పీఎన్ఆర్‌లో దొరుకుతుందేమో అడగండి. దొరక్కపోతే ఆ జోలికి పోకండి, దుబాయ్‌లో విడి టికెట్లతో మారడం హైదరాబాద్‌లో మారడం కంటే కష్టం.

---

కోట_జంక్షన్

భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కితే ఈ 36 గంటల్లో ఎంత తగ్గుతుందండీ?

---

లెక్కల_బల్ల

గాల్లో ఏమీ తగ్గదు. రోడ్డు మీద 60 కి.మీ. బదులు సుమారు 25, అంటే గంటకి పైగా మిగులుతుంది. శ్రీకాకుళం వాళ్ళకి ఇంకా లాభం. టికెట్ కొనేటప్పుడు దాని మీద ఏ ఎయిర్‌పోర్టు పేరుందో చదివి, ఆ పేరే డ్రైవరుకి చెప్పండి.